కూడితే తొమ్మిది వచ్చే టైర్లు

మా తమ్ముడు ప్రసాద్ కారుకు టైర్లు కొనడానికి నేను హిందూపురం నుంచి బెంగళూరు వెళ్ళాను. కారు వాడిది, డబ్బు వాడిది, టైర్ల షాపు వాడుండే ఊళ్ళోనే ఉంది, మధ్యలో ఈ లెక్కల టీచరమ్మ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. రెండువేల నాలుగులోనో అయిదులోనో, దసరా సెలవుల్లో ఒక శుక్రవారం సాయంత్రం వాడు ఫోను చేసి, "అక్కా, టైర్ సైజ్ సెలెక్ట్ చేయాలి, కొంచెం కాలిక్యులేషన్ ఉంది, నువ్వు రావాల్సిందే" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఇంట్లో ఒక్కరు కూడా నన్నొక లెక్క అడిగిన పాపాన పోలేదు. ఉబ్బిపోయి సరేనన్నాను.

తర్వాత ఫోను మరదలు సునీత చేతికి వెళ్ళింది. వాళ్ళ పుట్టిల్లు బెంగళూరు శివార్లలోని చందాపుర. అక్కడే పుట్టి పెరిగి, అక్కడే కాపురం చేస్తోంది. "వదినా, మీ తమ్ముడు మాటిచ్చినాడు. ఆదివారం ఆ కారు మనల్ని నంది కొండ ఎక్కించి దించితే షెడ్డు కారుకు. లేకుంటే నా మిషన్లకు. మీరు సాక్షికి రావాల" అంది.

షెడ్డు సంగతి నాకు తెలుసు. వాళ్ళింటి కింద మంచి సిమెంటు షెడ్డు ఉంది. అందులో మూడేళ్ళుగా ఒక ఎర్రటి జపాన్ కారు పడుకుని ఉంది. రెండే తలుపులు, ఇరవై ఏళ్ళ వయసు, మోకాలెత్తు. స్పోర్ట్స్ కారట. అది ఆడిన ఆట నేనెన్నడూ చూడలేదు. హెబ్బగోడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలు సునీత దగ్గర జాకెట్లు, చుడీదార్లు కుట్టించుకుంటారు. ఒక మిషను పడకగదిలో, ఒకటి వంటింటి గుమ్మం పక్కన. కొలతలు తీసేది మెట్ల మీద. కొత్త జాకెట్టుకు పోపు వాసన వస్తోందని ఒకమ్మాయి తిరిగి తెచ్చిచ్చిందట.

శనివారం ఉదయం ఆరూ నలభైకి హిందూపురం ప్యాసింజరు ఎక్కాను. టిక్కెట్టు పద్దెనిమిది రూపాయలు, సీటు కిటికీ పక్కన. గౌరీబిదనూరులో ఇడ్లీ పొట్లం తీసుకున్నాను. చట్నీ నీళ్ళగా ఉన్నా వేడిగా ఉంది. ఎనిమిదింపావుకు దొడ్డబళ్ళాపురంలో ఒక నేత పనాయన చీరల మూటతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కడికమ్మా అంటే, కారుకు పెద్ద చక్రాలు వేయించడానికి అన్నాను.

"ఉన్న చక్రాలకేమైందమ్మా?"

"ఏమీ కాలేదు. బాగానే ఉన్నాయి."

ఆయన కాసేపు నన్ను జాలిగా చూశాడు. "మా మగ్గానికి పళ్ళచక్రం ఒక సైజు మారిస్తే నేతంతా మారిపోతాది. కారుకు మారదేమోలే" అన్నాడు. పొరపాటు. కారుకూ మారుతుంది. చక్రం మారిస్తే అన్నీ మారతాయన్న ముక్క మా తమ్ముడితో సాఫ్ట్‌వేరు చేయిస్తున్నవాళ్ళకు తెలియదు, మగ్గం నేసే ఆయనకు తెలుసు.

పావు తక్కువ పదికి బెంగళూరు స్టేషనులో దిగాను. ప్రసాద్ కారుతో వచ్చాడు. కొత్త చక్రాలు, అంటే టైర్లు లేని అల్లాయ్ వీల్సు, రెండు డిక్కీలో, ఒకటి వెనక సీటులో ఉన్నాయి. నాలుగోదాన్ని నా ఒళ్ళో పెట్టాడు. "జాగ్రత్త అక్కా, స్క్రాచ్ పడుతుంది" అన్నాడు. నా పట్టుచీర గురించి ఒక్క మాటా అనలేదు. అలా చక్రాన్ని చంటిపిల్లలా పట్టుకుని జె.సి. రోడ్డు పక్క సందులో టైర్ల షాపుకు చేరాను. చిక్కపేటలో దారాలు, లైనింగు గుడ్డ కొనుక్కుని సునీత అప్పటికే బస్సులో వచ్చి మా కోసం బయట నిలబడి ఉంది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి. టైరు మీద మూడు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో ఇన్ని శాతం అని. మూడోది లోపలి చక్రం అడ్డుకొలత, అంగుళాల్లో. ఒకే వస్తువుకు మూడు రకాల కొలతలు పెట్టినవాడు నా క్లాసులో ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. కారుకు పుట్టుకతో వచ్చిన సైజు 175/70-13. కొత్త చక్రాలు పదిహేను అంగుళాలవి. చక్రం పెద్దదైనప్పుడు టైరు గోడ పల్చన చేసి, మొత్తం ఎత్తు పాతదానితో సమానంగా ఉంచాలి. అంతే సూత్రం. రైలు టిక్కెట్టు వెనక లెక్క వేశాను. పాత టైరు మొత్తం ఎత్తు 575 మిల్లీమీటర్లు. 195/50-15 వేస్తే 576. ఒక్క మిల్లీమీటరు తేడా! లెక్క అలా కుదిరినప్పుడు కలిగే సంతోషం ఎవరికి చెప్పుకోను, అక్కడున్న ముగ్గురికీ చెప్పాను.

ప్రసాద్ పెదవులు కదుపుతూ కూడాడు. "ఒకటి, తొమ్మిది, అయిదు, అయిదు, సున్నా, ఒకటి, అయిదు. ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది. అక్కా, ఎనిమిదక్కా! శని నంబర్!"

నవ్వబోయి, షాపాయన వైపు చూశాను. మునిరాజు అని ఆయన పేరు, అరవై దాటినవాడు. ఆయన నవ్వలేదు. గోడ మీది నల్లబోర్డు చూపించాడు. ఎడమవైపు వరసగా టైరు సైజులు, మధ్యలో ధరలు. కుడివైపు, ప్రతి సైజుకీ ఎదురుగా, అంకెలన్నీ కూడితే వచ్చే మొత్తం! తొమ్మిది వచ్చే వాటికి పసుపు చాకుపీసుతో సున్నా చుట్టి ఉంది.

"ఏం చేసేది తల్లీ, మొదట్లో బండి మోడలు అడిగేవాళ్ళము. ఇప్పుడు పుట్టిన తేదీ అడగతాము" అన్నాడు మునిరాజు. "ఆ ఎలక్ట్రానిక్ సిటీ పిల్లోళ్ళకి ఎనిమిది టైరు ఊరికే ఇచ్చినా వద్దంటారు. నా గోడౌన్‌లో అవే ఉండాయి."

"మా టీమ్ లీడర్ కార్ నంబర్ టోటల్ నైన్ అక్కా. ఒకే ఇయర్లో రెండు ప్రమోషన్స్" అన్నాడు ప్రసాద్. వాడి వేలు బోర్డు మీద పై నుంచి కిందికి దిగి, 195/60-15 దగ్గర ఆగింది. మొత్తం ఇరవై ఏడు. రెండూ ఏడూ తొమ్మిది. చుట్టూ పసుపు సున్నా. వేలు ఇక కిందికి దిగలేదు.

టిక్కెట్టు వెనక ఇంకా కొంచెం చోటుంది. ఆ టైరు ఎత్తు 615. పాతదానికంటే నలభై ఎక్కువ, అంటే చక్రం మధ్య నుంచి, దాని మీద కప్పి ఉండే రెక్క రేకు వైపు ఇరవై మిల్లీమీటర్లు పైకి పోతుంది. చెప్పాను.

"ఖాళీ బండికి తగలదప్పా" అన్నాడు మునిరాజు. "జనం కూసుంటే కిందికి దిగతాది గదా, అప్పుడు వెనక రెక్కకు ఒరసుకుంటాది. చూసుకో."

"అక్కా, మ్యాథ్స్ వేరు, నంబర్స్ వేరు" అన్నాడు మా తమ్ముడు, ఇంజినీరింగు ఫస్టుక్లాసులో ప్యాసైనవాడు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే చెవి మెలిపెట్టాలనిపించింది. కోపం తగ్గేదాకా బోర్డు కేసి తిరిగి, పై నుంచి చివరి వరస దాకా చదివాను. సునీత కూడా దారాల సంచి కింద పెట్టి, నా పక్కన నిలబడి చదివింది. ఇద్దరం ఏమీ అనలేదు. నాలుగు టైర్లూ ఎక్కించేసరికి రెండయింది. పక్క సందులో ఆంధ్రా భోజనం చేశాం. పప్పు బాగుంది, గోంగూరలో ఉప్పు ఎక్కువ.

సాయంత్రం చందాపురలో నాలుగు నిమ్మకాయలు నాలుగు టైర్ల కింద పెట్టి, నా చేత హారతి ఇప్పించి, కారు ఒక అడుగు ముందుకు నడిపాడు. నిమ్మకాయలు బుద్ధిగా నలిగాయి. అడుగు దూరం వరకు ఆ టైర్లకు వంక పెట్టడానికి లేదు.

ఆదివారం ఉదయం అయిదింటికి బయలుదేరాం. వెనక సీటంటే చేసినవాళ్ళు సరదాకు పెట్టింది. అందులో నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. నా బరువు తక్కువేమీ కాదు. హొసూరు రోడ్డు మీద ఒకటి రెండు గుంటల దగ్గర నా కిందనే ఎవరో కొబ్బరి తురుముతున్నట్టు చప్పుడైంది. ఆరుంపావుకు హెబ్బాళ దాటాం. అక్కడి నుంచి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాను. రాళ్ళ ప్రకారం పదహారు కిలోమీటర్లు వస్తే కారు మీటరు పదిహేనే చూపించింది. ఈ సంగతి చెబితే, "చూశావా, కిలోమీటర్స్ కూడా సేవింగ్" అన్నాడు. దేవనహళ్ళిలో కాఫీ తాగాం.

ఏడున్నరకు కొండ దారి మొదలైంది. మొదటి మలుపులో బర్రుమంది. "న్యూ టైర్స్ కదా, సెట్ అవుతాయి" అన్నాడు. మూడో మలుపులో కాలిన రబ్బరు వాసన కారులోకి వచ్చింది. కిటికీలు దించాం. ఆరో మలుపు దగ్గర పొగ కనిపించి, వాడే ఆపాడు. ముందు సునీత దిగి, సీటు వంచి నన్ను బయటికి లాగింది. నేను దిగ్గానే కారు రెండు వేళ్ళు పైకి లేచింది. అందరం చూశాం. వెనక టైర్లు రెండింటి అంచులనూ రెక్క రేకు గాడి పడేలా కోసేసింది. సరిగ్గా అప్పుడే తొమ్మిది మందినో పది మందినో కుక్కుకున్న ఒక పాత వ్యాను, పైన వంట గిన్నెలతో సహా, మమ్మల్ని దాటి పైకి పోయింది. అందులోని పిల్లలు చేతులూపారు.

"మీరిద్దరూ నడిచి రండి, ఎంప్టీగా అయితే ఎక్కేస్తుంది" అన్నాడు ప్రసాద్.

"మమ్మల్ని ఎక్కించాల అని కదా మాట" అంది సునీత నెమ్మదిగా. "మా కాళ్ళతో మేము ఎక్కేదానికి కారెందుకు?"

వాడు రోడ్డు పక్క గోడ మీద కూర్చుండిపోయాడు. చిన్నప్పుడు గాలిపటం తెగితే ఇలాగే మొహం పెట్టుకుని కూర్చునేవాడు. అప్పుడు నాకు నిజంగా బాధేసింది. వాడి పక్కన కూర్చుని వీపు నిమిరాను. వాడు ఖాళీ కారుతో మెల్లగా దిగిపోయాడు. సునీతా నేనూ కొండ దిగే బస్సు పట్టుకున్నాం.

సోమవారం పొద్దున్న ఏడింటికి కారు వీధిలోకి వచ్చి, టార్పాలిను కప్పుకుంది. ఎనిమిదిన్నరకు మిషన్లు రెండూ షెడ్డులోకి వెళ్ళాయి. కాఫీ తాగుతూ మా వాడు క్యాలెండరు చూసి గంతేసినంత పని చేశాడు. "అక్కా, నిన్న డేట్ సెవెంటీన్! ఒకటి ప్లస్ ఏడు, ఎనిమిది! టైర్స్‌ది తప్పు కాదు!" వాడికి కారణం దొరికింది, వాడి ఆకలి వాడికి తిరిగొచ్చింది. రెండు దోసెలు ఎక్కువే తిన్నాడు. వాడి వీపు నిమిరిన నా చెయ్యి వృథా అయిందనిపించింది.

సాయంత్రం నన్ను రైలెక్కించడానికి సునీత స్టేషను దాకా వచ్చింది. అయిదున్నర రైలు. ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరికింది. వేరుశనక్కాయలు వలుస్తూ, మామూలు మాటలాగానే అంది.

"వదినా, ఆ బోర్డు మీద అడుగున ఇంకొక తొమ్మిది ఉండె కదా?"

నా చేతిలో కాయ ఆగిపోయింది. ఉంది. 205/50-15. అంకెలన్నీ కూడితే పద్దెనిమిది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. ఎత్తు 586. పాతదానికంటే పదకొండు మిల్లీమీటర్లే ఎక్కువ. లెక్క ప్రకారం రెక్కకు దూరంగానే తిరిగేది. నంబరూ నిలిచేది, కారూ నంది కొండ ఎక్కేది, షెడ్డూ దానికే ఉండిపోయేది. శనివారం ఆ షాపులో, తమ్ముడి మీద కోపం తగ్గేలోపే నేను ఆ లెక్క మనసులోనే వేసేశాను. వేసి మింగేశాను.

"నువ్వూ చూశావా? మరెందుకు చెప్పలేదు?"

"టీచరు మీరు కదా. మీరు చెప్తారేమోనని చూస్తి. మీరు చెప్పలేదు. నేనూ గమ్మునుంటి."

ఆపై ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాయలు తిన్నాం. రైలు కదిలేముందు కిటికీలోంచి ఒక పొట్లం ఒళ్ళో పడేసింది. "రెండు జాకెట్లు. షెడ్డులో మొదటి బోణీ మీవే. డబ్బులంటే కొడతా."

దొడ్డబళ్ళాపురం దాటేదాకా ఆ పొట్లం విప్పడానికి మొహం చెల్లలేదు. సొంత తమ్ముడు లెక్క కోసం పిలిస్తే, రానుపోను ఖర్చులు పెట్టుకుని పోయి, వచ్చిన జవాబు దాచిపెట్టుకుని వచ్చాను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ అదే చేస్తానని కూడా తెలుసు. ఈ దారిన టైర్లకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే. గౌరీబిదనూరు ఇడ్లీ బాగుంటుంది, నల్లబోర్డును చివరి వరస దాకా చదవండి, మీతో వచ్చిన ఆడవాళ్ళు ఏమీ మాట్లాడకపోతే ఇంకోసారి చదవండి.

ఇల్లు చేరాక జాకెట్టు వేసుకుని చూశాను. సునీత నా కొలతలు తీసుకోలేదు, కొండ దిగే బస్సులో పక్కన కూర్చుని చూసిందంతే. చెయ్యెత్తాను, వంగాను, గుండ్రంగా తిరిగాను. ఎక్కడా తగల్లేదు.