లాంచీలో తలల లెక్క

మా లాంచీలో నేను మనుషుల్ని లెక్కపెట్టను, లైఫ్ జాకెట్లను లెక్కపెడతాను. రేవులో ఎక్కే ప్రతి ఒక్కరికీ, చంకలో ఉన్న పసిపిల్లకైనా సరే, నా చేత్తో జాకెట్ తొడిగి బకిల్ బిగించి లోపలికి పంపుతాను. ఎన్ని జాకెట్లు బయటికి వెళ్ళాయో రిజిస్టరులో రాసుకుంటాను. పిల్లలు ఎంతమంది అని ఎవరినీ అడగను. మా యజమాని దీన్ని నా చాదస్తం అంటాడు. అననీ.

ఈ పనిలోకి రాకముందు నేను ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేశాను. అక్కడ అలవాటైన గొంతు ఇక్కడ బాగా పనికొచ్చింది. భద్రాచలం నుంచి అడవిలో గంటన్నర పైగా ప్రయాణం చేస్తే మా రేవు వస్తుంది. రాముడి దర్శనం అయ్యాక కొండల మధ్య గోదావరిని చూడాలని జనం ఇటు వస్తారు. నది మీద ప్రమాదాలు జరిగాక నియమాలు గట్టిపడ్డాయి. లాంచీ కదిలాక జాకెట్ విప్పకూడదు, అందరూ ఒకే పక్కకు చేరకూడదు, పై అంతస్తులో గెంతకూడదు, తాగి ఎక్కకూడదు. ఇవన్నీ చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలన్నారు. యజమాని నన్ను పెట్టుకున్నాడు.

జనం నియమాలు వింటారు, తల ఊపుతారు, చెవిన మాత్రం పెట్టరు. జాకెట్‌ను మడిచి కుర్చీ మీద మెత్తలా వేసుకుని కూర్చునే పెద్దమనుషులు నాకు రోజూ తగులుతారు. ఫోటోలో పట్టుచీర కనపడదని కొత్త పెళ్ళికూతుళ్ళు విప్పేస్తారు. "నాకు ఈతొచ్చు మేడం" అనేవాడు ప్రతి ట్రిప్పులో ఒకడుంటాడు. వాడిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నీకు ఈతొస్తే గోదారికేం లెక్క అని మొహం మీదే అనేస్తాను. నా నోటికి జడిసి చాలామంది జాకెట్ వేసుకుంటారు, ప్రాణభయంతో వేసుకునేవాళ్ళు తక్కువ.

ఇక్కడ మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. మాది ముదిగొండ దగ్గర పల్లె, చర్చికి వెళ్ళే కుటుంబం. అయినా మా అమ్మకు పిల్లల లెక్క చెప్పడమంటే భయం. లెక్కపెట్టి చెబితే దిష్టి తగులుతుందని ఆమె నమ్మకం. ఎవరైనా నీకెందరు పిల్లలమ్మా అని అడిగితే, "ఉన్నరు, దేవుడిచ్చినంత మంది" అనేది. ఒకసారి చర్చి రిజిస్టరులో రాయడానికి పాస్టరుగారు అడిగితే నాన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మ ఇంటికొచ్చి మా అందరికీ ఉప్పు దిగతీసి పొయ్యిలో వేసింది. ఆ తర్వాత మోకరించి ప్రార్థన కూడా చేసింది. మేము నవ్వుకునేవాళ్ళం.

ఈ జాకెట్ల లెక్క మొదలుపెట్టకముందు సంగతి. ఆ రోజు చలికాలపు ఆదివారం, రేవులో రద్దీ. తల్లాడ వైపు నుంచి ఒక పెద్ద కుటుంబం టెంపో మాట్లాడుకుని వచ్చింది. కొడుకులు, కోడళ్ళు, కూతురు, అల్లుడు, అందరికీ పెద్దగా ఒక అవ్వ. పెద్దవాళ్ళ పేర్లు టికెట్ల మీద ఉంటాయి, చిన్నపిల్లలకు టికెట్ ఉండదు. వాళ్ళను విడిగా చూసి లెక్కపెట్టి రాయాలి. నియమం చూసి రాయమంటుంది, అడిగి రాయమనదు. కానీ వెనక జనం తోసుకుంటున్నారు, సరంగు టైమయిందని పైనుంచి చేయి ఊపుతున్నాడు. లాంచీ నడిపే ఆయనను మేము సరంగు అంటాం. నేను అవ్వను అడిగాను.

"టికెట్ లేని పిల్లలు ఎందరున్నరు అవ్వా?"

"నలుగురు బిడ్డా."

చుట్టూ నలుగురు పిల్లలు కనపడ్డారు కూడా. నలుగురికీ చిన్న జాకెట్లు తొడిగాను. అవ్వ భుజం మీద కొంగు కింద ఏదో ఎత్తుగా ఉంది. నేను చూశాను. చలికి తెచ్చుకున్న దుప్పటేమో అనుకున్నాను. మొత్తం అరవై రెండు అని రాసి సంతకం పెట్టాను.

వెళ్ళేటప్పుడు అంతా బాగానే గడిచింది. కొండల ఇరుకు చూసి తిరిగి వస్తూ, ఎప్పటిలాగే గుడి ఉన్న ఒక చిన్న ఊరి దగ్గర ఆపాం. ఇసుకలో దిగి, మెట్లెక్కి దండం పెట్టుకుని వస్తారు. కింద ఇసుకలో ఆ ఊరి ఆడవాళ్ళు తాటాకు నీడలు వేసుకుని వెదురు బుట్టలు, బొమ్మలు అమ్ముతారు. వాళ్ళలో వాళ్ళు కోయలో మాట్లాడుకుంటారు, మాతో తెలుగులో బేరమాడతారు. అరగంట తర్వాత విజిల్ ఊదాను. అందరూ ఎక్కారు. రెండు అంతస్తులూ తిరిగి ఒక్కొక్క తలనూ లెక్కపెట్టాను. సరిగ్గా అరవై రెండు. లెక్క అంత చక్కగా కుదిరినందుకు నాకు సంతోషం కూడా వేసింది. సరంగుకు చేయి ఊపాను.

పావుగంట ప్రయాణం చేశాక అవ్వ నా దగ్గరకు వచ్చి నిలబడింది. పైకి వెళ్ళి కిందికి వచ్చినట్టుంది, రొప్పుతోంది. కూర్చోమని కసురుకోబోయాను, అప్పుడు అంది.

"చిన్నది కనపడ్తలేదు బిడ్డా."

నేను రిజిస్టరు తెరిచి చూపించాను. "నలుగురూ ఉన్నరు కదా అవ్వా. నేనే లెక్కవెట్టిన."

ఆమె రిజిస్టరు వైపు చూసింది, నీళ్ళ వైపు చూసింది.

"ఐదుగురు."

పొద్దున కొంగు కింద ఉన్నది దుప్పటి కాదు. కూతురి బిడ్డ, ఇంకా మూడేళ్ళు నిండలేదు, నిద్రపోతూ ఎక్కింది. ఆ పాపకు నేను జాకెట్ ఇవ్వలేదు. అంటే పొద్దున నుంచీ జాకెట్ లేని పిల్ల ఒకతి నా లాంచీలో తిరిగింది. ఎక్కడ తప్పిపోయిందో ఎవరికీ తెలియదు. ఇసుకలో ఉండిపోయిందా, ఎక్కాక అంచు దగ్గరకు పోయి నీళ్ళలో పడిందా? ఈ రెండో ఆలోచన రాగానే నా పై ప్రాణాలు పైకే పోయాయి.

అవ్వ మాటలు తడబడుతూ చెప్పింది. మోకాళ్ళ నొప్పులని తను గుడికి ఎక్కలేదు. బొమ్మలమ్మే మనిషి నీడలో పాపను పడుకోబెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ దగ్గరకు వెళ్ళింది. వచ్చేసరికి పరిచిన గుడ్డ ఖాళీగా ఉంది. కూతురు దిగి వచ్చి ఎత్తుకుపోయిందనుకుంది. కూతురు పై అంతస్తులో వదినలతో కూర్చుని, పాప అవ్వ ఒళ్ళో ఉందనుకుంది.

నేను సరంగు దగ్గరకు పరుగెత్తాను. ఆయన నలభై ఏళ్ళుగా ఈ నీళ్ళ మీద ఉన్న మనిషి. విషయం విని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చక్రం తిప్పాడు. కళ్ళు మాత్రం నీళ్ళ మీద పెట్టమని నాతో చెప్పాడు. నేను ముందుకు వెళ్ళి నిలబడ్డాను. తేలుతున్న ప్రతి కొమ్మా, ప్రతి ఆకుల గుంపూ నన్ను భయపెట్టాయి. ప్రభువా ప్రభువా అనుకుంటూనే ఉన్నాను. అంతకు మించి ప్రార్థన నాకు రాలేదు.

లాంచీ ఎందుకు తిరిగిందో అందరికీ తెలిసిపోయింది. ఒడ్డు కనపడగానే చూద్దామని జనమంతా ఒకే పక్కకు లేచారు. లాంచీ ఒరిగింది. అప్పుడు నాకు హాస్టల్ గొంతు వచ్చింది. "ఎక్కడోళ్ళు అక్కడ కూసోండ్రి. పిల్ల కోసం పోతున్నం, మీకోసం కూడా ఎతికేటట్టు చెయ్యకండ్రి," అన్నాను. కూర్చున్నారు. పాప తల్లి మాత్రం కూర్చోలేదు. మెట్లు దిగి వచ్చి అంచు కమ్మీ పట్టుకుని, జాకెట్ విప్పి పడేసి, దూకేదానిలా నిలబడింది. ఆమెకు మళ్ళీ జాకెట్ తొడిగి, బకిల్ బిగించి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. ఆమె నన్ను కొట్టింది. ఈ ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలో కష్టమైనది అదే.

ముందుగా సరంగు చూశాడు. చేయి చాపి చూపించాడు.

వెదురు బొమ్మలమ్మే మనిషి ఇసుకలో కూర్చుని బుట్ట అల్లుతోంది. పక్కన పాప కూర్చుని రేగుపళ్ళు తింటోంది. ఒక మేకపిల్ల ఆ గింజలు వాసన చూస్తోంది. దగ్గరకు వెళ్ళాక తెలిసింది, ఆమె తన కొంగు చివరను పాప గౌనుకు గట్టిగా ముడేసింది. పాప లేస్తే కొంగు లాగుతుంది, ఆమెకు తెలుస్తుంది. పాప మేకపిల్ల వెనకాల పోయి తాటాకు నీడ చాటున ఆడుకుంటుంటే లాంచీ వెళ్ళిపోయిందట. పాపను చూసి ఆమె అరిచినా ఇంజను చప్పుడుకు మాకు వినపడలేదట. ఒక మనిషి, ఒక కొంగు, ఒక ముడి. మా రిజిస్టరు కంటే ఆ ముడే నయమనిపించి నాకు సిగ్గేసింది.

పాప తల్లి వచ్చి పాపను పట్టుకుని ఏడుస్తుంటే, బొమ్మలమ్మే మనిషి నిదానంగా ముడి విప్పింది. "మల్లొస్తరని తెలుసు. పిల్లను ఇడిచిపెట్టి ఎంత దూరం పోతరు," అంది. మళ్ళీ బుట్ట అల్లుకోవడం మొదలుపెట్టింది.

తిరుగు ప్రయాణంలో పాపకు అతి చిన్న జాకెట్ తొడిగాను. అది కూడా మోకాళ్ళ దాకా వచ్చింది. భయం పోయాక నాకు కోపం వచ్చింది. అవ్వ పక్కన కూర్చుని, అబద్ధం ఎందుకు చెప్పినవని గట్టిగానే అడిగాను. ఆమె నా మొహం చూడకుండా చెప్పింది.

"జనాభా లెక్కలోడు వచ్చిండు, నేను వయసులున్నప్పుడు. ఎందరంటే ముగ్గురని ఉన్నదున్నట్టు చెప్పిన. వానలు పడేలోపు ఇద్దరే మిగిలిన్రు. అప్పటిసంది ఎవ్వలకూ నిజం చెప్పలే బిడ్డా."

ఇంకేమి తిట్టను? మా అమ్మ ఉప్పు దిగతీస్తుంటే నవ్వుకున్న రోజులు గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. ఆమె చేయి పట్టుకుని రేవు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

సాయంత్రం రేవులో రిజిస్టరు చూపించి తనిఖీ సంతకం తీసుకోవాలి. వెళ్ళినవాళ్ళు అరవై రెండు, వచ్చినవాళ్ళు అరవై రెండు అని నా చేతిరాత ఉంది. కాగితం ప్రకారం ఆ రోజు ఏ తప్పూ జరగలేదు. ఊరుకుంటే ఎవరూ అడగరు. నిజం రాస్తే పని పోవచ్చు. మా ఆయన ఆటో సంపాదన ఒక్కదానితో ఇల్లు గడవదు. కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. సరంగు చుట్ట వెలిగించుకుంటూ నన్ను చూశాడు.

ఆ కుటుంబం వాళ్ళు చెక్కబల్ల మీదుగా ఒక్కొక్కరే దిగుతున్నారు. అవ్వ బల్ల చివర ఆగి పిల్లల్ని వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కరి తల మీద చేయి పెట్టి, అందరూ వింటుండగా, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టింది. చిన్నదాన్ని దగ్గరకు లాక్కుని తల మీద చేయి వేసింది.

"ఐదు. రాస్కో బిడ్డా," అంది.

నేను అరవై రెండు కొట్టేసి, రెండు చోట్లా అరవై మూడు రాశాను. కింద జరిగినదంతా నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టాను. దానికి పది రోజులు పనిలోకి రావద్దన్నారు, రాలేదు. ఆ పది రోజులూ ఇంట్లో కూర్చుని ఈ జాకెట్ల పద్ధతి ఆలోచించాను. జాకెట్లకు దిష్టి తగలదు కదా.

ఆ సాయంత్రం నేను రాస్తున్నంతసేపూ అవ్వ అక్కడే నిలబడి ఉంది. రాయడం అయ్యాక వంగి, రేవులోని ఇసుక గుప్పెడు తీసి, ఐదుగురి చుట్టూ తిప్పి గోదావరిలో వేసింది. చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"నీకెందరు బిడ్డా పిల్లలు?"

కలం ఇంకా నా చేతిలోనే ఉంది, రిజిస్టరు తెరిచే ఉంది. పొద్దున నేను ఆమెను అడిగిన ప్రశ్నే అది.

"ఉన్నరు అవ్వా," అన్నాను. "దేవుడిచ్చినంత మంది."

అవ్వ మళ్ళీ వంగి ఇంకో గుప్పెడు ఇసుక తీసింది. నా చుట్టూ కూడా తిప్పి గోదావరిలో వేసింది.