మేడ మీది గాలి గొట్టం

ఇల్లు కడుతున్నన్నాళ్లూ ప్లంబరు నోటి నుంచి వచ్చిన ప్రతి మాటకీ తల ఊపాను. ఎల్బో, యూనియన్, గేట్ వాల్వ్, ట్రాప్, వెంట్. అతను ఒక మాట అని నా మొహంలోకి చూసేవాడు. నేను గోడ వంక గంభీరంగా చూసి "అదే మంచిది" అనేవాణ్ణి. నరసరావుపేటలో సొంతిల్లు కట్టుకునే మనిషికి తెలియనిదంటూ ఉండకూడదని నా అభిప్రాయం. తెలిసినట్టు కనపడే విద్యలో నాకు వాడంతా పేరుంది.

ఇంట్లో చేరిన కొద్ది రోజులకే వాసన మొదలైంది. కింద హాలుని ఆనుకుని ఉన్న బాత్‌రూంలోంచి వచ్చేది. తెల్లవారుజామున మా స్నానాలయ్యాక ఉండేది కాదు. మేడ మీద అలికిడి మొదలయ్యాక మెల్లగా హాల్లోకి వచ్చి, పిలవని చుట్టంలా అక్కడే కూర్చునేది.

నాకది వట్టి వాసనే. మా ఆవిడకి మాత్రం కొంప మునిగినంత పని. మా చర్చిలో స్త్రీల కూడిక ప్రతి శుక్రవారం ఒకరింట్లో జరుగుతుంది. అంతమంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని పాడుకోవాలంటే పెద్ద గది ఉండాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ మేమున్న అద్దె ఇళ్లలో మంచం వేస్తే నడవడానికి చోటుండేది కాదు. ఇన్నేళ్లూ తను అందరిళ్లలో టీ తాగి వచ్చింది, తన ఇంట్లో ఒక్కసారి కూడా పోయలేకపోయింది. అందుకే ఇల్లు కట్టేటప్పుడు వంటగది కుదించుకుని మరీ హాలు పెంచుకుంది. వచ్చే శుక్రవారం కూడిక మొదటిసారి మా ఇంట్లో.

సోమవారం పక్కింటి ఆవిడ గడపలో నిలబడి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను ఆలస్యం చేయలేదు.

"కొండవీటి కోట నుంచి రాజులు తవ్విచ్చిన సొరంగం ఒకటుందమ్మా. అది సరిగ్గా మా బాత్‌రూం కింద తేలింది. ఏనుగుల్ని కట్టేసే చోటంట. అప్పటి గాలి అట్టాగే ఉండిపోయింది."

ఆవిడ కొంగు కాస్త దించింది. "సొరంగంలో ఏనుగులెట్టా పట్టినయ్ అన్నయ్యా?"

"అప్పటి ఏనుగులు పొట్టియ్యమ్మా."

ఆవిడ వెళ్లగానే మా ఆవిడ తలుపు వెనక నుంచి వచ్చింది. "నువ్వు పోయి ఆ సొరంగంలోనే కాపరం పెట్టు. గురువారానికి ఈ కంపు పోకపోతే కూడిక వాళ్లింట్లోనే పెట్టుకోమని పాస్టరమ్మ గారికి ఫోన్ చేస్తా. ఒకసారి కాదన్నాక మళ్లీ మనింట్లో పెట్టమని ఎవురడుగుతారు?" ఆ మాట అని, కూడిక కోసం కొన్న చాపల్ని మళ్లీ గోడకి చేర్చింది. ఆ తర్వాత నాకు కథలు రాలేదు.

మంగళవారం ప్లంబరు వచ్చాడు. చెవికి ఫోను, నోటినిండా వార్డు రాజకీయం. బాత్‌రూం నేల మీది జాలీ ఎత్తి, లోపలికి టార్చి కొట్టి, "సీల్ లేదు బాబాయ్" అన్నాడు.

అలవాటు కొద్దీ తల ఊపాను. తర్వాత శుక్రవారం గుర్తొచ్చింది. "సీలంటే ఏంది?"

అతను ఫోను జేబులో పెట్టుకుని నన్ను వింతగా చూశాడు. మిగిలిపోయిన వంపు గొట్టం ముక్క ఒకటి తెచ్చి, పట్టుకుని, అందులో మగ్గుతో నీళ్లు పోశాడు. వంపు అడుగున కాసిని నీళ్లు నిలబడిపోయాయి.

"అవతల మురుగు గొట్టం. ఇవతల నీ ఇల్లు. నడుమ ఈ వంపు, దీన్నే ట్రాప్ అంటారు. ఇందులో ఎప్పుడూ ఇన్ని నీళ్లుంటయ్. పైనుంచి పోసిన నీళ్లు దిగిపోతయ్ గానీ కిందనుంచి గాలి ఎక్కలేదు. ఆ నిలబడ్డ నీళ్లే సీలు."

"మరి తలుపేదిరా?"

"నీళ్లే తలుపు బాబాయ్."

ఆ గొట్టం ముక్కని నా చేతిలోకి తీసుకున్నాను. వీధి గుమ్మానికి టేకు తలుపు చేయించాను, దానికి ఇత్తడి గడియ పెట్టించాను, వచ్చినవాళ్లందరికీ తట్టి చూపించాను. ఊరి మురుగంతటినీ నా ఇంట్లోకి రాకుండా ఆపుతున్నది మాత్రం దోసెడు నీళ్లు. వాటికి గడియ లేదు. పగలూ రాత్రీ చీకట్లో కదలకుండా నిలబడి ఉండటమే వాటి పని. అబద్ధం చెప్పి బతికేవాణ్ణి గానీ ఇంత పెద్ద సంగతిని నేను కూడా కల్పించలేను.

అతను బకెట్ నీళ్లు పోసి వెళ్లాడు. వాసన పోయింది. సాయంత్రానికి మళ్లీ వచ్చింది.

బుధవారం పొద్దున్నే జాలీ తీసి, ట్రాప్ నింపి, టార్చి పట్టుకుని గొంతుక్కూర్చున్నాను. మేడ మీద గదిలో మా మామగారు ఉంటున్నారు. మాచర్ల అవతల పల్లె నుంచి కూతురి కొత్తిల్లు చూద్దామని వచ్చారు. ఆయన పైన ఫ్లష్ నొక్కారు. గోడలోంచి నీళ్లు దూకిన చప్పుడు, ఆ వెంటనే నా ముందున్న ట్రాప్ గుడగుడమని, ఉన్న నీళ్లన్నీ మింగేసింది. ప్లంబరుకి ఫోన్ చేశాను.

"గాలి గొట్టం చూడు బాబాయ్, మేడ మీద. వెంట్ అని చెప్పా కదా, నువ్వు మంచిదన్నావు. నీళ్లు గొట్టంలో దూకితే వాటెనక గాలి రావాల. పైనుంచి రాకపోతే నీ ట్రాప్‌లోంచి లాక్కుంటది."

మేడెక్కాను. గాలి గొట్టం నా ఛాతీ ఎత్తున నిలబడి ఉంది. దాని మూతికి గోతం గుడ్డ, గుడ్డ మీద నాపరాయి ముక్క, దాని చుట్టూ బిగించి కట్టిన ఇనపతీగ.

"నేనే కట్టా" అన్నారు వెనక నుంచి మామగారు. సంతోషంగానే అన్నారు. "తెరిసి పెట్టి పొయ్యారు, మతి లేనోళ్లు."

ఆయన పొలంలో నీళ్లు పడిన బోర్ల కంటే పడనివే ఎక్కువ. ఎండిన ప్రతి బోరుకీ గోతం, రాయి, తీగ. మా వైపు ఏ రైతైనా అంతే, తెరిచిన గొట్టం కనపడితే చెయ్యి ఆగదు.

"ఇది వేరే గొట్టం మామయ్యా. తెరిసే ఉండాల."

"ఏ గొట్టమైతే ఏంది? మా పొలంలో మేకపిల్ల పడింది అల్లుడూ. పొద్దుగూకేదాకా అరిసింది. తియ్యలేకపొయ్యా. మూతి తెరిసిన గొట్టం ఉన్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు."

మేకపిల్ల ఈ గొట్టంలో పడాలంటే నిచ్చెన వేసుకోవాలి. ఆ మాట నా నాలుక చివరదాకా వచ్చింది, మింగాను. "ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు, తర్వాత నీ ఇష్టం" అని తీగ విప్పాను. మెట్ల దగ్గరికి వెళ్లి కేకేశాను. "ఏమే, పై బాత్‌రూంలో ఫ్లష్ నొక్కు."

మామగారు అరచెయ్యి గొట్టం మూతి మీద బోర్లా పెట్టారు. కింద నీళ్లు దూకాయి. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"లాగుతంది."

"చూశావా మరి."

"మళ్లీ కొట్టమను."

"టాంకు నిండొద్దా నాన్నా?" అని బాత్‌రూంలోంచి కసిరింది మా ఆవిడ.

నిండేలోపు ఆయన ఊరుకోలేక వంగి గొట్టానికి చెవి ఆనించారు. చెయ్యి తనంతట తనే నేల మీద గులకరాయి వెతికింది. బోరులో రాయి వేసి లోతు అట్లాగే వినేవారు. మణికట్టు పట్టుకున్నాను. "రాయి వద్దు మామయ్యా, నీ కాళ్లు మొక్కుతా."

రెండోసారి నీళ్లు దూకాయి. ఈసారి ఆయన చెయ్యి వెంటనే తీయలేదు. నన్నూ పెట్టమన్నారు. పెట్టాను. కింద ఎక్కడో ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చి, నా అరచేతిని మెత్తగా తనలోకి లాక్కుని, వదిలేసింది. నేను ఇటుకలూ సిమెంటూ కొన్నాననుకున్నాను. ఇది ఊపిరి పీల్చే సొత్తని ఎవరూ చెప్పలేదు, చెప్పినా తల ఊపి ఉంటాను.

మామగారు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. "ఇన్ని బోర్లు ఏయించా. ఒక్కటీ నా చెయ్యి పట్టుకోలా."

దోమతెర ముక్క అడిగి, గొట్టం మూతికి వదులుగా చుట్టి, ఆ తీగతోనే ఆయనే కట్టారు. గాలి వెళుతుంది, ఏ ప్రాణీ పడదు.

గురువారమంతా మా ఆవిడ గంటకోసారి ముక్కెగరేసి వాసన చూసింది. ఫోన్ మాత్రం చేయలేదు.

శుక్రవారం హాలు నిండిపోయింది. పాట మొదలయ్యాక నేను బాత్‌రూంలోకి వెళ్లి టార్చి వేసుకుని జాలీ ఎత్తాను. పైన మామగారు ఫ్లష్ నొక్కారు. ట్రాప్‌లో నీళ్లు ఒక్కసారి వణికి, అంగుళం కుంగి, లేచి, నిలబడ్డాయి. ఇవతల హాల్లో అంతమంది ఆడవాళ్లు గొంతెత్తి పాడుతున్నారు, అవతల ఊరి మురుగు పారుతోంది, మధ్యలో ఆ దోసెడు నీళ్లు. నా కళ్లు ఎందుకు చెమర్చాయో ఎవరైనా అడిగితే ఫినాయిల్ అని చెబుదామనుకున్నాను.

బయటికొచ్చేసరికి టీలు తిరుగుతున్నాయి. పాస్టరమ్మ గారు గ్లాసు కింద పెట్టి, హాలు నాలుగు మూలలూ చూసి, "వచ్చే నెల ఉపవాస కూడిక కూడా ఇక్కడే పెట్టుకుందామా? గాలి బాగా ఆడుతంది" అన్నారు.

మా ఆవిడ ట్రేలోని గ్లాసుల్ని ఒకసారి సర్దుకుంది. తర్వాత, రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నట్టు, "పెట్టుకుందాం లేండి" అని ఇంకొకరికి టీ అందించింది.