గేదె ఒప్పుకున్న బండి

ఆ రోజుల్లో కారంపూడిలో కారు కనబడితే ఎవరింట్లోనో పెళ్లన్నా ఉండాలి, ఎలక్షన్లన్నా వచ్చి ఉండాలి. అలాంటి ఊళ్లో పశువుల ఆసుపత్రి ముందు, తుమ్మచెట్టు కింద, రెండే సీట్లున్న ఎర్రటి రేసుకారు ఒకటి రోజూ నిలబడి ఉండేదంటే ఇప్పటివాళ్లు నమ్మరు. అది నాది. ఎనభైల్లో, పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆ కారుకు నేను యజమానినని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే మా ఇద్దరిలో ఎవరు ఎవరి మాట విన్నారో అంత కచ్చితంగా చెప్పలేను.

కారు మా మేనమామ ఇచ్చింది. ఆయన నీలగిరుల్లో ఒక తేయాకు తోటలో గుమాస్తాగా చేసేవాడు. తోట యజమాని తెల్లదొర సీమకు వెళ్లిపోతూ దాన్ని ఆయనకు వదిలేసి పోయాడు. మామయ్యకు నడుంనొప్పి. ఆ కారేమో నేలకు జానెడు ఎత్తున ఉండేది. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, బావిలోకి దిగినట్టు దిగడమే. దిగినవాణ్ణి పైకి తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. "నీ నడుం ఇంకా కొత్తది, నువ్వు వాడుకో" అని నేను పరీక్ష ప్యాసయిన రోజున తాళాలు నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని రోజుకు రెండుసార్లు తుడిచేవాణ్ణి. నా చొక్కాలకు ఇస్త్రీ లేని రోజులున్నాయి గాని, దాని అద్దం మీద దుమ్మున్న రోజు లేదు. (మా అమ్మ ఒకసారి చూడటానికి వచ్చి, "దీనికి దిష్టి తీస్తున్నావా, లేక నన్ను తియ్యమంటావా" అని అడిగింది. వెక్కిరింతని తెలియక, తియ్యమన్నాను.)

పక్కసీటు మా కాంపౌండరు గారిది. నాకన్నా పాతికేళ్లు పెద్దవారు, ఆదివారాలు చర్చిలో ముందు నిలబడి కీర్తన ఎత్తుకునే మనిషి. మందులపెట్టె ఒళ్లో పెట్టుకుని, కారు కదలగానే కళ్లు మూసుకునేవారు. ఊరు చేరేదాకా పెదవులు కదులుతూనే ఉండేవి. "నిద్రొస్తోందా" అని ఒకసారి అడిగాను. "లేద్సార్, ప్రార్థన" అన్నారు. నా డ్రైవింగుకూ ఆ ప్రార్థనకూ సంబంధం ఉందని నాకు చాలా కాలం తట్టలేదు. అలాగే దారిలో గేదెలు తోకలెత్తి పరుగులు తీస్తుంటే, మనుషులు పలుపులు పట్టుకుని వాటి వెంట పడుతుంటే, వైద్యుడొచ్చాడని ఊరంతా లేచి ఎదురొస్తున్నట్టే ఉండేది నాకు.

బొల్లాపల్లి వైపు ఒక పల్లెలో ఒకావిడ ఉండేది. ఊరంతా పెద్దమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. భర్త పోయాడు. ఎకరం మెట్టచేను, ఒక గేదె, అంతే ఆమె సంసారం. టీకాలు వెయ్యడానికి మొదటిసారి వాళ్ల వాకిట్లో కారు ఆపినప్పుడు ఆ గేదె కట్టుకొయ్యతో సహా లేచిపోయింది. రెండు రోజులు పాలు చేపకుండా బిగబట్టిందని తర్వాత కబురు వచ్చింది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆరేడు నెలలకు ఒక పొద్దున పెద్దమ్మ తమ్ముడు సైకిలు మీద చెమటలు కక్కుతూ ఆసుపత్రికి వచ్చాడు. "అయ్యా, బర్రె ఈనలేకపోతంది. దూడ అడ్డం తిరిగినట్టుంది. తొరగా రావాల" అన్నాడు. నిమిషంలో బయలుదేరాను. కానీ కారులో సీట్లు రెండే. దారి తెలిసిన అతను ఒకడు, మందులపెట్టెతో కాంపౌండరు గారు ఒకరు. మందులు ముఖ్యమని కాంపౌండరు గారిని ఎక్కించుకుని, అతన్ని సైకిలు మీద రమ్మన్నాను. వానలకు పాత బాట కొట్టుకుపోయిందనీ, చుట్టూ తిరిగి వెళ్లాలనీ అతనికి తెలుసు, నాకు తెలియదు. తిన్నగా పోయి బండిజాడలో దిగాను. కింద రాయి తగిలి పెద్ద శబ్దమైంది. కాంపౌండరు గారు కళ్లు తెరిచారు. దిగి చూస్తే ఇంజను కిందనుంచి నూనె నల్లగా కారుతోంది.

పెట్టె చెరొకపక్క పట్టుకుని రెండు మైళ్లు నడిచాం. మేం చేరేసరికి సైకిలు అతను ముందే చేరి వాకిట్లో నిలబడి ఉన్నాడు. దూడను బయటికి తీశాను గాని అది బతికి లేదు. గేదె మాత్రం దక్కింది. చేతులు కడుక్కోవడానికి పెద్దమ్మ నీళ్లు పోసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. దూడ మీద గోనెపట్టా కప్పి వచ్చి, "పెయ్యదూడ" అంది, అంతే. కాసేపటికి తనే మళ్లీ, "నువ్వు మంచోడివే బాబూ. చెయ్యి కూడా మంచిదే. నీ కారే మా ఊరికి రాదు" అంది. నేను తడిచేతులతోనే మందులపెట్టె మూత వేశాను.

కారును ఎడ్లు కట్టి లాక్కొచ్చారు. బస్టాండు దగ్గర షెడ్డున్న మెకానిక్కును అందరూ భాయ్ అనేవాళ్లు. ఆయన కిందికి దూరి చూసి, "పొట్ట పగిలింది సార్. నరసరావుపేట పోయి అతికించుకురావాల. వారం పట్టిద్ది" అన్నాడు. ఆ గేదెకేమో ఐదు రోజులు వరసగా సూది వెయ్యాలి. "అందాక నా షెడ్డులో ఉన్న బండ్లు తీసుకపోండి. ఏది నచ్చితే అది ఉంచుకోండి, కారు సంగతి తర్వాత" అన్నాడు భాయ్. ఉంచుకోవడమా? నేను ఆ మాట విననట్టు నటించాను.

మొదటిరోజు జీపు. "మిలిట్రీది సార్, యుద్ధం చూసొచ్చింది" అన్నాడు భాయ్. "మనం పోయేది గేదె దగ్గరికి గదా భాయ్" అన్నారు కాంపౌండరు గారు మెల్లగా. జీపు బాటను లెక్కచెయ్యలేదు గాని, దాని మోత ఊరి బయటే వినపడింది. దూడ చచ్చిన గేదె పాలు చేపడమే కష్టం. పెద్దమ్మ దాని వీపు నిమిరి, తవుడు పెట్టి, బతిమాలి పితుక్కుంటోంది. జీపు వాకిట్లోకి రాగానే అది కాలు విసిరింది, తపేలా దొర్లిపోయింది. పెద్దమ్మ నా వైపు చూసి, "ఇయ్యాల టీకొట్టుకు పాలు లేవని చెప్పిరా తమ్ముడూ" అని తమ్ముణ్ణి పంపింది. అదే బాగా తగిలింది.

రెండోరోజు నేనే ఏరుకుని ఒక పెద్ద మోటారుసైకిలు తీశాను. (వేగంలో కారుకు దగ్గరగా ఉంటుందని. మనసు ఇంకా అక్కడే ఉంది.) అది వాకిట్లో దడదడమంటుంటే గేదె చెవులు నిక్కబొడుచుకుని, పొదుగు బిగబట్టి, సాయంత్రం దాకా చుక్క వదల్లేదట. మూడోరోజు స్కూటరు. దానికి ఇంజను బరువంతా ఒకపక్కే. మందులపెట్టె ఇంకోపక్క కట్టినా లెక్క కుదరక, సరిగ్గా పెద్దమ్మ పెంటకుప్ప దగ్గర మలుపులో నేనూ కాంపౌండరు గారూ కలిసే పడ్డాం. పడ్డచోటు మెత్తగానే ఉంది. పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెస్తూ, "ఏంది బాబూ, రోజుకో బండి మారుస్తావు. నీకిదేమన్నా జబ్బా" అంది. దూడ పోయాక ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. పేడ కారుతున్న చొక్కాతో నాకు చాలా తేలికగా అనిపించింది.

నాలుగోరోజు షెడ్డులో మిగిలింది ఒక పాత మోపెడ్. ఎవరో ఆడ టీచరు వాడి వదిలేసింది, ముందు బుట్ట కూడా ఉంది. బస్టాండు వాళ్లందరూ చూస్తుండగా దాని మీద కూర్చున్నాను. వెనక కాంపౌండరు గారు. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆయన దిగి నడిచేవారు, నడిచి నాకంటే ముందే పైకి చేరేవారు. ఆ రోజు ఆయన ప్రార్థన చెయ్యలేదు. పొలాల మీద కంది ఎలా ఉందో, ఎవరి చేనుకు పురుగు పట్టిందో చెబుతూ వచ్చారు. ఆ దారి పక్కన అన్ని చేలున్నాయని నేను చూసిందీ ఆ రోజే. గట్టు మీదుగా, వాగులో తోసుకుంటూ, నేరుగా పెద్దమ్మ కొట్టం దాకా పోయాం. గేదె తలతిప్పి ఒకసారి చూసింది. నెమరు ఆపలేదు. పెద్దమ్మ పితకడం ఆపలేదు. నేను మోపెడ్ పట్టుకుని అలాగే నిలబడి, తపేలాలో పాలు పడుతున్న చప్పుడు విన్నాను.

ఐదోరోజూ అదే బండి. ఆరోరోజు కారు వచ్చేసింది. భాయ్ దానికి నూనె మార్చి, కడిగి, తెచ్చి ఆసుపత్రి ముందు ఎండలో పెట్టాడు. దాని ఎరుపు చూసేసరికి, ఇక మోపెడే చాలనుకున్న నా నిర్ణయం కరిగిపోయింది. అదే సమయానికి ఒక రైతు వచ్చి ఆవు కడుపు ఉబ్బిందన్నాడు. వాళ్ల ఊరు వాగు అవతల. నేను ఒక్క గంతులో కారులోకి దిగి తాళం తిప్పాను. ఆ ఇంజను గొంతు విని వారం అయింది. "రండి" అన్నాను. కాంపౌండరు గారు పెట్టె పట్టుకుని తుమ్మచెట్టు కిందే నిలబడ్డారు. రానని అనలేదు. "సార్, వాగులో నీళ్లున్నయ్యి" అన్నారు, అంతే. రైతు ఒకసారి నా వంకా ఒకసారి ఆయన వంకా చూశాడు. ఇంజను ఆపాను. ఆ కారులోంచి పైకి లేవడం ఎంత కష్టమో మామయ్య చెప్పింది అప్పటిదాకా నేను అర్థం చేసుకోలేదు. నడుం బాగున్నవాడికీ కష్టమే. మోపెడ్ తొక్కుకుంటూ పోయాం. ఆవు బతికింది.

నెల తిరక్కుండానే కారును నరసరావుపేటలో ఒకాయనకు ఇచ్చేశాను. ఎందుకిచ్చానో వివరంగా మామయ్యకు మూడు పేజీలు రాశాను. ఆయన కార్డు ముక్క మీద, "నీ నడుం బాగున్నందుకు సంతోషం" అని రాసి పంపాడు. ఊళ్లో వాళ్లకు మాత్రం, గేదెల కోసం త్యాగం చేశానని గంభీరంగా చెప్పుకునేవాణ్ణి. అందులో సగమే నిజం. మందులు తెచ్చే పని కాంపౌండరు గారిదైనా, రెండుసార్లు నేనే వెళ్తానని నరసరావుపేట పోయి, అవసరం లేని బజార్లన్నీ తిరిగాను. ఎక్కడన్నా కనబడుతుందేమోనని.

మూడోసారి కనబడింది. మధ్యాహ్నం మూడింటి వేళ, బ్యాండుమేళంతో పెళ్లి ఊరేగింపు. కారు నిండా బంతిపూలు. ఇంజను వేడెక్కి ఆగిపోయిందేమో, వెనకనుంచి నలుగురు నెడుతున్నారు. బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు చెమటలు తుడుచుకుంటున్నాడు. సన్నాయి వాళ్లు ఆగి కొత్త పాట అందుకున్నప్పుడు పక్కన కాస్త సందు దొరికింది. మోపెడ్ అందులోకి పోనిచ్చాను. కారు అంత కిందికి ఉంటుంది గనక పెళ్లికొడుకు నన్ను తలెత్తి చూడాల్సి వచ్చింది. నేను ఆయనకు హారన్ కొట్టి, దాటిపోయాను. బజారు చివర ఆగి వెనక్కి తిరిగి చూస్తే కళ్లు మసకబారాయి. దుమ్మే అయి ఉంటుందని తుడుచుకున్నాను.

తిరిగి వస్తుంటే, నకరికల్లు చేరేలోపు రెండు బస్సులు, ఒక లారీ, చివరికి సైకిలు మీద తీరిగ్గా పోతున్న ఒక ముసలాయన కూడా నన్ను దాటిపోయారు. మోపెడ్ మీది ఆ కుర్రాడు, అదే అప్పటి నేను, ఎవరినీ పట్టించుకోలేదు. రేసుకారును దాటి వస్తున్నవాడు గదా. ఛాతీ విరుచుకుని, ముందు బుట్టలో మందుసీసాలు గలగలమంటుంటే, రోడ్డు మధ్యలో నిటారుగా కూర్చుని పోతున్నాడు. వాణ్ణి ఇప్పుడు ఎక్కడన్నా కలిస్తే, కాస్త పక్కకు జరిగి నడపరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. పోనిస్తాను.