ఈరన్నలంతా చెయ్యెత్తండి

ఫ్రేమ్‌వర్క్ అనే మాట మొదటిసారి చెవిన పడినప్పుడు హుస్నా ఏమనుకుందో చెప్పమంటారా? ఫోటోలకు అద్దం బిగించే పని అనుకుంది. ఇప్పుడు ఆ సంగతి గుర్తుచేస్తే కొట్టేకి వస్తాది, నేను చెప్పినానని చెప్పొద్దండి.

హుస్నాది ఆదోని. నాయన అబ్బాస్ అలీకి దూదేకి పరుపులు కుట్టే అంగడి ఉంది. ఆదోనిలో పుట్టినాక ముక్కులోకి దూది పోకుండా ఎవరు పెరిగినారు లేండి! హుస్నా కూడా తుమ్ముకుంటానే పెరిగింది, తుమ్ముకుంటానే డిగ్రీ చదివింది. బీకాం కంప్యూటర్స్. పేరులో కంప్యూటర్స్ ఉందే గానీ, ఆ పిల్ల కంప్యూటరును ముట్టింది తక్కువ, దాని బొమ్మ గీసి భాగాలకు పేర్లు రాసింది ఎక్కువ. ఆఖరి ఏడాది మాత్రం ల్యాబులో ఒక చిన్న వెబ్ పేజీ చేయించినారు. తను రాసిన నాలుగు లైన్లు తెరమీద నీలం రంగు బొత్తాంగా మారి, నొక్కితే ‘సలాం’ అనింది. అంతే, పిల్లకు పిచ్చి పట్టింది.

డిగ్రీ అయినాక ఫోను ముందర పెట్టుకుని వీడియోలు చూసేది మొదలుపెట్టింది. ఈ వీడియోలు చెప్పేవాళ్ళున్నారే, వాళ్ళను నిలబెట్టి అడగాల! ప్రతివాడూ ‘కొత్తవాళ్ళకు ఇదొక్కటి చాలు’ అనే మొదలుపెడతాడు. ఒకాయన రియాక్ట్ అంటాడు. ఇంకొకాయన అదంతా తర్వాత, ముందు జాంగో అంటాడు. మూడో ఆయన ఈ ఇద్దరినీ నమ్మొద్దండి, లారవెల్ అంటాడు. ఇవన్నీ ఫ్రేమ్‌వర్కుల పేర్లేనంట. హుస్నా మంచి పిల్ల, అందరి మాటా వినింది. ఒకదాంట్లో లాగిన్ పేజీ వరకు పోయేది, తెరమీద ఎర్ర అక్షరాలు కనబడేవి, బెదిరిపోయి ఇంకొకదాంట్లోకి దూకేది. ఆడా అదే కథ. ఏడాది తిరిగేసరికి అన్నిటిలోనూ మొదటి పాఠాలు నోటికొచ్చినాయి, ఒక్కటీ చేతికి రాలేదు.

“ఏం పాపా, యాడదాకా వచ్చింది?” అని అడిగేవాడు అబ్బాస్ అలీ.

“ఇప్పుడే మొదలుపెట్టినా నాయనా.”

“పోయిన రంజానుకూ ఇదే చెప్తివి గదమ్మా!”

ఆయన చెడ్డోడు కాదు. కూతురు ఫోన్లోకి చూసుకుంటా, గొణుక్కుంటా, మొహం ముడుచుకుని కూర్చుంటే ఏ నాయన ఊరకుంటాడు? తనకు తెలిసిన ఒక బట్టల షోరూం ఓనరుతో మాట్లాడి బిల్లింగు కౌంటర్లో చోటు కుదిర్చినాడు. కుర్చీ ఉంటాది, ఏసీ ఉంటాది, ఇంటికి దగ్గర. దసరా దాకా ఖాళీగా పెడతానన్నాడాయన. “అంతలోపల నీ పనేదో తేల్చుకో. తేలకపోతే పోయి ఆడ కూర్చో” అన్నాడు అబ్బాస్ అలీ. హుస్నా సరేనని తలూపింది గానీ మనసు ఒప్పలేదు. బిల్లింగు పని తక్కువని కాదు. ఒక్కటంటే ఒక్కటి తన చేత్తో పూర్తిగా చేయకుండానే అంతా అయిపోతాదే అని దిగులు.

అప్పుడు దొరికినాడు సుజయ్.

సుజయ్ ఎమ్మిగనూరులో ఒక చీరల అంగడి పైగదిలో ఉంటాడు. మంత్రాలయం పక్క పూజారుల ఇంటి పిల్లోడు. బెంగుళూరులో ఉద్యోగం చేసి, ఆ ట్రాఫిక్‌తో వేగలేక తిరిగొచ్చి, చుట్టుపక్కల అంగళ్ళకూ బళ్ళకూ వెబ్‌సైట్లు చేసిస్తాడు. ఆయన తెలుగులో సగం కన్నడం దొర్లుతాది. కొత్తవాళ్ళను ఊరికే చేర్చుకోడు, చేర్చుకుంటే ఊరికే వదలడు. మొదటిరోజు హుస్నా తనకు వచ్చిన ఫ్రేమ్‌వర్కులన్నీ ఏకరువు పెట్టింది.

“హౌదా? అవునా?” అన్నాడు సుజయ్. “వీట్లో ఒక్కటైనా వాడి ఏదన్నా పూర్తి చేసినావా?”

“లేదన్నా.”

“అయితే ఏమీ రాదన్నమాట. మంచిది. పద, ఉగ్గాని తిందాం.”

ఉద్యోగం అడిగేకి వస్తే టిఫినుకు పిలిచే మనిషిని హుస్నా యాడా చూడలేదు. కింద హోటల్లో కూర్చున్నాక అసలు పాఠం మొదలైంది. “చూడమ్మా. నువ్వు ఉగ్గాని అడిగితివి. సప్లయరు లోపలికి పోయి చెప్పినాడు. వంటాయన డబ్బాలో బొరుగులు తీసి, కలిపి, పంపించినాడు. వెబ్ అంటే ఇంతే. అడిగేది బ్రౌజరు. లోపల వండి పంపేది సర్వరు. బొరుగుల డబ్బా డేటాబేసు. ఇంక ఫ్రేమ్‌వర్క్ అంటావా, పొయ్యి, గిన్నెలు, బల్లలు అన్నీ సర్ది నీకు తాళం చేతికిచ్చిన హోటలు. వంట మాత్రం నువ్వే చెయ్యాల. నువ్వేం చేసినావంటే, ఒక్క హోటల్లోనూ వంట చేయకుండా ఊర్లో హోటళ్ళన్నీ తిరిగొచ్చినావు.”

హుస్నాకు కోపమొచ్చింది. నిజం చెప్తే ఎవరికి రాదు? కానీ మరుసటిరోజు పొద్దున్నే ఆదోని బస్సెక్కి మళ్ళీ వచ్చింది.

సుజయ్ చాలా రోజులు ఫ్రేమ్‌వర్క్ జోలికే పోనీయలేదు. ఉత్త పేజీలు రాయించినాడు, వాటికి రంగులు వేయించినాడు, బొత్తాం నొక్కితే ఏం జరుగుతాదో నోటితో చెప్పించినాడు. ఆ తర్వాతే జాంగో ఒక్కటి పట్టుకోమన్నాడు. వీడియో చూసి దాన్ని అట్లే దించితే ఒప్పుకోడు. చూసింది మూసేసి, సొంతంగా మళ్ళీ రాయాల, ఏదో ఒకటి మార్చి చూడాల. ఎర్ర అక్షరాలొస్తే హుస్నా ఎప్పటిలాగే బెదిరింది. “అది తిట్టడంలేదమ్మా, యాడ నొప్పో చెప్తాండాది. చివరి లైను నుంచి చదువు” అన్నాడు. చదివితే నిజంగానే చెప్తాండాది! ఇన్నాళ్ళు దీనికా నేను భయపడింది అని ఆ పిల్లకు నవ్వూ సిగ్గూ రెండూ వచ్చినాయి. బస్సులో పోతా వస్తా ఆ ఎర్ర అక్షరాలనే చదువుకునేది. పక్క సీటు వాళ్ళు ఏమ్మా, పరీక్షలా అని అడిగేవాళ్ళు.

దసరా దగ్గర పడింది. అప్పుడే నేతపనివాళ్ళ సంఘమొకటి ఎమ్మిగనూరులో కంటి క్యాంపు పెట్టింది. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, వయసు ఎక్కించి టోకెను ఇచ్చే పేజీ కావాలని సుజయ్‌ను అడిగితే, ఆయన హుస్నా వైపు చెయ్యి చూపించినాడు. “ఇది నువ్వు చెయ్యి. ఆదివారం నేను వస్తా గానీ ఏలు పెట్టను. నడిస్తే సోమవారం నుంచి ఈడ కుర్చీ నీది. నడవకపోతే బిల్లింగే.”

హుస్నా ప్రాణం పెట్టి చేసింది. యాడో ఒక పాత వీడియోలో ఆసుపత్రి పేజీ ఒకటి ఉంటే దాన్ని చూసి నేర్చుకుంది. ఆ వీడియోలో రోగులు నలుగురు, నలుగురికీ నాలుగు పేర్లు. ఒకే పేరు రెండుసార్లు ఎక్కకూడదని ఆ పాఠం చెప్పినాయన ఒక నియమం పెట్టినాడు. తప్పుగా రెండుసార్లు ఎక్కితే లెక్క చెడుతాదంట. సబబుగానే ఉందని హుస్నా కూడా పెట్టేసింది. ఇంట్లో వాళ్ళ పేర్లూ వీధిలో వాళ్ళ పేర్లూ ఎక్కించి చూసింది. పక్కింటి ఈరన్ననూ ఎక్కించింది. బ్రహ్మాండంగా నడిచింది. రెండో ఈరన్నను ఎక్కించి చూసుంటే నాకు ఈ కథే ఉండేది కాదు.

ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకోకుండా ఈ చుట్టుపక్కల ఎవరు పిల్లల్ని కన్నారు? మొక్కుకున్నాక వేరే పేరు యాడ పెడతారు?

ఆదివారం పొద్దున కల్యాణమంటపం కిటకిటలాడింది. అబ్బాస్ అలీ కూడా కూతురితో పాటు బస్సెక్కి వచ్చినాడు, కండ్లు చూపించుకున్నట్టూ ఉంటాది, కూతురి పని చూసినట్టూ ఉంటాదని. మొదటి టోకెను ఆయనే తీసుకుని ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. హుస్నా ట్యాబు ముందర పెట్టుకుని పేర్లు ఎక్కిస్తాంది. కాసేపు అంతా సాఫీగా పోయింది. అప్పుడు సి.బెళగల్ పక్కనుంచి ఒక ముసలామె వచ్చి, పేరు ఉరుకుందమ్మ అనింది.

‘ఈ పేరుతో ముందే నమోదు అయింది’ అనింది ట్యాబు.

“నీకు టోకెను ఇచ్చినాం గదమ్మా” అనింది హుస్నా.

“యాడ ఇస్తివి? నేనిప్పుడే ఆటో దిగితిని.”

“దీంట్లో ఉందమ్మా. లోపలికి పోయి అడుగు.”

ఉరుకుందమ్మ ఆ ట్యాబునూ హుస్నా మొహాన్నీ ఒకసారి చూసి పక్కకు జరిగింది. వెనకాల ఈరన్న వచ్చినాడు. ముందే నమోదు అయింది. ఆయన వెనకాల ఇంకో ఈరన్న. ముందే నమోదు అయింది. “మా పేరు మీద ఎవరో చూపించుకుని పోతాండారప్పా!” అని లైన్లో ఎవరో అరిచినాడు. ఇంక చూసుకోండి, గొడవ! సంఘం వాళ్ళు పరిగెత్తుకొచ్చినారు. మంటపం స్తంభానికి ఆనుకుని సుజయ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినాడు, చెప్పినట్టే ఏలు పెట్టలేదు.

హుస్నాకు ఏం తోచిందో, లేచి కుర్చీ ఎక్కి గట్టిగా అరిచింది. “ఈరన్నలంతా చెయ్యెత్తండప్పా!”

మంటపంలో మగవాళ్ళు సగం మంది చేతులెత్తినారు. ఒకాయన రెండు చేతులూ ఎత్తినాడు.

“నీకెందుకన్నా రెండు?”

“మా తమ్ముడు టీ తాగేకి పోయినాడమ్మా. వాడూ ఈరన్నే.”

గొల్లుమన్నారు జనం. హుస్నా నవ్వలేదు. అయ్యో నా మతి మండ, అని నెత్తి కొట్టుకుంది. “తప్పు నాది. మీ పేర్లు ఎవరూ వాడుకోలేదు. రవంతసేపు ఓపిక పట్టండి, సరిచేస్తా” అని చెప్పి ల్యాప్‌టాప్ ముందర కూలబడింది. పేరు మీద పెట్టిన ఆ నియమాన్ని పీకేసింది. మనిషికి గుర్తు పేరు కాదు, టోకెను నంబరే అని మార్చింది. డాక్టరు పిలిచినప్పుడు ఒక ఈరన్నకు పదిమంది లేవకుండా ‘ఊర్లో ఏమని పిలుస్తారు’ అని ఒక గడి కొత్తగా పెట్టింది. తొందరలో ఒక అక్షరం తప్పు కొడితే ఎర్ర లైన్లు వచ్చినాయి. చివరి లైను చదివింది, దిద్దింది, సర్వరులోకి ఎక్కించింది. ట్యాబులో ముగ్గురు ఈరన్నలు పక్కపక్కన కూర్చున్నారు. అప్పుడు తల ఎత్తి ఉరుకుందమ్మ కోసం చూసింది. ఆమె లేదు.

“ఆటోకు పోయింది లేమ్మా” అన్నారు ఎవరో.

ఆ పిల్ల ఇంకేం ఆలోచించలేదు. ట్యాబు బల్ల మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. ఉరుకుందమ్మ ఆటోలో కూర్చునే ఉంది, ఇంకా జనం నిండలేదు.

“అమ్మా, దిగు. నీకు టోకెను ఇస్తా.”

“నేను నీ ముందర నిలబడి ఉంటే నన్ను నమ్మకపోతివి. ఆ పలకను నమ్మితివి” అనింది ఉరుకుందమ్మ. కోపంగా కూడా అనలేదు.

హుస్నాకు ఏడుపు తన్నుకొచ్చింది. “దానికి తప్పు నేర్పింది నేనేమ్మా.”

“నువ్వేనా? మరి దిద్దినావా?”

“దిద్దినా.”

“అయితే పట్టు చెయ్యి. దిగాల గదా.”

ఇద్దరూ మెల్లగా నడిచి మంటపానికి వచ్చేసరికి లైను కొంత తగ్గింది. హుస్నా కుర్చీలో అబ్బాస్ అలీ కూర్చున్నాడు! కండ్లద్దాలు ముక్కు చివరకు జారినాయి. పరుపుల ఆర్డర్లకు వాట్సాప్‌లో తెలుగు కొట్టే ఆ ఒక్క ఏలితోనే ట్యాబు మీద పొడుస్తాండాడు.

“పేరు?”

“ఈరన్న.”

“ఊర్లో ఏమంటారప్పా?”

“కోళ్ళ ఈరన్న.”

“ఇదో నీ నంబరు. పో, పో. తర్వాత ఎవరు?”

“నాయనా! నువ్వెందుకు ముట్టుకుంటివి?” అని హుస్నా గుడ్లు తేలేసింది.

“జనం నిలబడి ఉండారు. నువ్వు చూస్తే ఉరుకుతివి. ఆ అయ్యను పిలిస్తే నేను ముట్టను అంటాడు. ఇంకెవరు చేస్తారు?”

“నీకెట్ల తెలిసింది చేసేది?”

“తెలిసేకి ఏముంది? పేరు అంటాది, పేరు కొడితిని. ఊరు అంటాది, ఊరు కొడితిని. నొక్కమంటాది, నొక్కితిని. జరుగు పక్కకు, ఆ అమ్మను రానీ. పేరు చెప్పమ్మా.”

సాయంత్రం ఉరుకుందమ్మ మందుల చీటీ పట్టుకుని ఇంటికి పోయింది. డాక్టర్లు పోయినారు. కుర్చీలు ఎత్తుతాండారు. సుజయ్ స్తంభం వదిలి దగ్గరికి వచ్చినాడు.

“నడిచిందా హుస్నా?”

అబద్ధం చెప్పేకి ఆ పిల్లకు నోరు రాలేదు. “లేదన్నా. పొద్దున ఆగిపోయింది.”

“నేను పొద్దున సంగతి అడగలే. నువ్వు బయటికి ఉరికినాక అడుగుతాండా. నువ్వూ లేవు, నేనూ ముట్టలే. ఎవరూ నేర్పని మనిషి కూర్చుని ఆపకుండా నడిపినాడు. చేసినోళ్ళు పక్కన కూర్చుని నడిపినంతకాలం అది పాఠమేనమ్మా. ఈ పొద్దు నీ పాఠం పనిగా మారింది. రేపు పొద్దున్నే రా, పత్తికొండ క్యాంపుకు కూడా ఇదే కావాలంటాండారు.”

హుస్నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినాయి. పక్కనే ఉన్న అబ్బాస్ అలీ కండ్లద్దాలు తీసి తుడుచుకుని, జేబులోనుంచి ఫోను తీసి షోరూం ఓనరుకు కొట్టినాడు.

“సలాం అన్నా. ఆ కుర్చీ ఇంకెవరికన్నా ఇచ్చేయి, మా పాప రాదు... లేదు లేదు, అలగలేదు. పని దొరికింది... ఏం పనంటే, దాని పేరు నాకు నోరు తిరగదు గానీ, బాగా చేస్తాదన్నా. నేనే నడిపి చూసినా.”