షినాస్ కోల్డ్‌స్టోర్‌లో పాత కంప్యూటర్

మా అమ్మాయిని స్కూల్ బస్సు ఎక్కించి ఫ్లాట్ మెట్లెక్కుతుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. షినాస్‌లో చేపల కోల్డ్‌స్టోర్ ఒకటి ఉందని, అక్కడి పాత కంప్యూటర్‌లో నెట్‌వర్క్ వస్తూ పోతూ ఉందని, కారు పంపిస్తున్నామని చెప్పారు. మా సర్వీసు కంపెనీలో యునిక్స్ తరహా పాత మెషిన్ల పని పడితే నాకే అప్పగిస్తారు. కాకినాడ పాలిటెక్నిక్‌లో మేము చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నది వాటి మీదే. ఇప్పటి కుర్రాళ్లకి వాటి మూత తీయాలన్నా భయం.

మస్కట్‌లో మేముండే వాడి కబీర్ నుంచి షినాస్ దగ్గరేమీ కాదు. ఎండ నడినెత్తికి వస్తుండగా చేరాను. ఆఫీసు గదిలో మేనేజర్ కూర్చున్నాడు, ఒమానీ ఆయన, నాతో హిందీలో మాట్లాడాడు. ముందు రోజు బయటి టెక్నీషియన్ ఒకతను వచ్చి, పాడైపోయిన నెట్‌వర్క్ కార్డు తీసి ఇంకో పాత కార్డు పెట్టాడట. మస్కట్‌లోని హెడాఫీసుకి టెంపరేచర్ మళ్లీ కనపడగానే పని అయిపోయిందని వెళ్లిపోయాడట. అప్పటి నుంచి లైను ఒక క్షణం ఉంటుంది, ఒక క్షణం ఉండదు. దాన్ని సరిచేసి వెళ్లమన్నాడు.

గోడ పక్కన బల్ల మీద ఉంది ఆ కంప్యూటర్. పసుపు తిరిగిన పెట్టె, ఉప్పుగాలికి తుప్పు పట్టిన స్క్రూలు. నాలుగు చల్లగదుల్లోని సెన్సర్ల నుంచి వేడి ఎంతుందో తెలుసుకుని, అవసరమైనప్పుడు కంప్రెసర్లని నడిపించడం, ఆపడం దాని పని. చుట్టుపక్కల తీరంలో పడిన చేపంతా ఆ గదుల్లోనే ఉంటుంది. ఆ కంప్యూటర్‌ని ఆపి ఎన్నేళ్లయిందో మేనేజర్‌కి కూడా తెలియదు.

కార్డు దగ్గర టైమవుట్ అయిందని స్క్రీన్ మీద ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తోంది. ఆ మాట చూడగానే నాకు సగం అర్థమైంది. పాత మెషిన్లలో ఒక్కో కార్డుకి ఒక్కో నంబరు ఇస్తారు. పని పడినప్పుడు కార్డు ఆ నంబరు మీదే ప్రాసెసర్‌ని పిలవాలి. రెండు కార్డులకి ఒకే నంబరు పడితే పిలిచింది ఎవరో దానికి తెలియదు. ఒకదాని మాట అరకొరగా వింటుంది, రెండోదాని మాట అసలు వినదు. మెషిన్ మొదలైనప్పుడు రాసి పెట్టుకున్న వివరాలు తెరిచి చూశాను. కొత్తగా పెట్టిన నెట్‌వర్క్ కార్డు మూడో నంబరు మీద కూర్చుంది. సెన్సర్ల కార్డు కూడా మూడే.

అప్పుడు స్క్రీన్ మీదే పక్క విండోలో ఉన్న టెంపరేచర్ల వైపు చూశాను. నాలుగు గదులకీ మైనస్ పద్దెనిమిది. ఎంతసేపు చూసినా అదే. చల్లగది టెంపరేచర్ అలా ఉండదు. తలుపు తీస్తే పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. సెన్సర్ కార్డు నోరు మూసుకుపోయింది. చివరగా వచ్చిన అంకెనే ప్రోగ్రామ్ నిన్నటి నుంచి చూపిస్తోంది. మైనస్ పద్దెనిమిది ఉందనుకుంటే అది కంప్రెసర్లని నడపదు. అప్పుడే గమనించాను, ఆ ఆవరణ మొత్తం నిశ్శబ్దంగా ఉంది.

బయటికి వెళ్లి కంప్రెసర్లు చూసుకునే మెకానిక్‌ని వెతికి పట్టుకున్నాను. మనవాడే, జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. తెలుగు వినగానే నన్ను చెల్లె అన్నాడు. చేతి థర్మామీటర్ ఉందా అన్నా అని అడిగితే నా ముఖం చూసి, అది తీసుకుని చల్లగదుల వైపు వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు పరిగెత్తుతున్నాడు.

"మూడో గదిల మైనస్ ఏడు ఉన్నది చెల్లె. మిగతా గదులు గూడ గట్లనే ఉన్నయి. పొద్దుగాల నుంచి కంప్రెసర్ లేస్తలేదని నేను చెప్పిన. స్క్రీన్ మీద మంచిగనే ఉన్నది, నువ్వు ముట్టకు అన్నరు."

మేనేజర్‌కి చెబితే నమ్మలేదు. హెడాఫీసుకి మైనస్ పద్దెనిమిది కనపడుతోందన్నాడు. నేను లైను సరిచేయడానికి వచ్చానని, చేప సంగతి నా పని కాదని అన్నాడు. ఇంకో పదిహేను నిమిషాలు వాదించుకుంటే చేప మెత్తబడుతుందని, ఆ థర్మామీటర్ తీసుకుని మీరే ఒకసారి లోపలికి వెళ్లి చూడండని అన్నాను. ఆయన వెళ్లలేదు. కానీ మెకానిక్ కంప్రెసర్లని చేత్తో నడుపుతానంటే వద్దనీ అనలేదు.

చేత్తో నడపడమంటే తేలిక కాదు. ఆ ఎండకి ప్రెషర్ ఊరికే పెరుగుతుంది. మీటరు ముందు నిలబడి ముల్లు ఎర్రగీత చేరకముందే ఆపాలి, దిగాక మళ్లీ వేయాలి. మెకానిక్ నాకు ఫోన్ కలిపి, దాన్ని చెవికి కట్టుకుని, కంప్రెసర్లుండే ప్లాంట్ గదిలోకి వెళ్లాడు. వెళ్లేముందు ఒక్క మాట అన్నాడు.

"జల్ది చెయ్యి చెల్లె. సరుకు ఖరాబైతే కంప్యూటర్ ఖరాబైందని అనరు. మెకానిక్ నిద్రపోయిండు అంటరు. పోయిన ఎండకాలం ఒకన్ని గట్లనే ఇంటికి పంపిచ్చిన్రు."

కార్డు నంబరు మార్చాలంటే దాని మీది చిన్న పిన్నులు జరపాలి, దానికి కంప్యూటర్ ఆపాల్సిందే. అదే నాకు భయం. ఏళ్ల తరబడి తిరుగుతూ ఉన్న హార్డ్ డిస్క్ ఒకసారి ఆగి చల్లబడితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. ఆ ప్రోగ్రామ్ ఇంకెక్కడా లేదు. రాసినవాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. సెన్సర్ ప్రోగ్రామ్ ఫైళ్లని అరకొర నెట్‌వర్క్ మీదే నా లాప్‌టాప్‌లోకి లాగడానికి ప్రయత్నించాను. సగంలో తెగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తెగింది. ఫోన్‌లో ప్లాంట్ గది హోరు, దాని మీద మెకానిక్ దగ్గు. మూడోసారి ఫైలు మొత్తం వచ్చింది. అప్పుడు ఆపాను.

మూత తీసి నెట్‌వర్క్ కార్డు పిన్నులని ఐదో నంబరుకి జరిపాను. వివరాల్లో ఐదు ఖాళీగా కనపడింది. స్విచ్ వేశాను. డిస్క్ ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. సిస్టమ్ మొదలయ్యేటప్పుడు కార్డుల నంబర్లు అడిగి సరిదిద్దుకునే చోటు ఒకటి ఉంటుంది, అక్కడ ఐదు అని కొట్టి ముందుకు పంపాను. స్క్రీన్ మీద వరసలు దిగాయి. కార్డుల దగ్గరికి వచ్చేసరికి అలాగే నిలబడిపోయింది. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

టార్చి వేసి లోపలికి తొంగి చూశాను. చివరి స్లాట్‌లో ఒక మోడెమ్ కార్డు ఉంది. దాని ఫోన్ వైరు ఎప్పుడో పీకేశారు గానీ కార్డు మాత్రం అలాగే ఉంది, పిన్నులు ఐదు మీద. సిస్టమ్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి వివరాల్లో రాలేదు. ఇక మళ్లీ ఆపడం తప్పదు.

ఆపి, ఆ మోడెమ్ పీకి బల్ల మీద పెట్టి, నెట్‌వర్క్ కార్డుని పదో నంబరుకి మార్చి స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. డిస్క్ తిరగలేదు. ఒక చిన్న టిక్కుమన్న చప్పుడు, అంతే.

మేనేజర్ నా వెనకే నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగాడు. ఫోన్‌లో మెకానిక్ అరుస్తున్నాడు, రెండో కంప్రెసర్ ప్రెషర్‌కి ఆగిపోయిందని, ఒక్కదాంతోనే లాగుతున్నానని. "ఒక్క నిమిషం అన్నా" అన్నాను.

స్విచ్ ఆపి డిస్క్ స్క్రూలు విప్పాను. చెమటకి స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. అతుక్కుపోయిన డిస్క్‌ని ఎలా కదిలించాలో మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఒకాయన చేసి చూపించాడు గానీ నేను ఎప్పుడూ చేయలేదు. అరచేతిలో పడుకోబెట్టి, మణికట్టుని గబుక్కున పక్కకి తిప్పాలి, తాళం తీసినట్టు. గట్టిగా తిప్పితే లోపల గీతలు పడతాయి. మెల్లగా తిప్పితే ఊడదు. ఒకసారి తిప్పాను. ఏమీ తెలియలేదు. రెండోసారి లోపల ఏదో వదిలినట్టు చేతికి తగిలింది. అలా చేత్తో పట్టుకునే వైర్లు తగిలించి, స్విచ్ వేయమని మేనేజర్‌కి చెప్పాను. ఆయన వేశాడు. నా అరచేతిలో అది వణికి, తిరిగింది.

నంబరు అడిగే చోట పది కొట్టాను. వరసలు దిగాయి. నెట్‌వర్క్ కార్డు పది. సెన్సర్ కార్డు మూడు. టైమవుట్ మాట రాలేదు. టెంపరేచర్ విండో తెరుచుకుని, మూడో గది మైనస్ ఎనిమిది అని చూపించింది. చూస్తుండగానే దాని పక్కనున్న అంకె కదిలింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మేనేజర్‌కి మాత్రం కోపం వచ్చింది. మైనస్ పద్దెనిమిది ఉన్నదాన్ని నువ్వొచ్చి మైనస్ ఎనిమిది చేశావన్నాడు. హెడాఫీసు వాళ్లకీ అదే కనపడినట్టుంది, ఆయన ఫోన్ మోగింది. అటువైపు వాళ్లు గట్టిగా అడుగుతున్నారు. ఈలోగా, కంప్యూటర్ తనంతట తను కంప్రెసర్లని నడపడం చూసి, మెకానిక్ లోపలికి వచ్చాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది. మేనేజర్ ఫోన్‌లో మాట్లాడుతూనే అతని వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

స్పీకర్ పెట్టమని మేనేజర్‌ని అడిగాను. హిందీలో, వీలైనంత నెమ్మదిగా, అటువైపు వాళ్లకి చెప్పాను: కొత్త కార్డు పాత కార్డుతో గొడవపడిందని, నిన్నటి నుంచి మీరు చూస్తున్నది పాత అంకె అని, కంప్రెసర్లు లేవట్లేదని పొద్దున్నే చెప్పింది మెకానిక్ అని, ఇంతసేపూ సరుకుని కాపాడింది అతని చేతులేనని. తర్వాత వాళ్లు అరబీలో ఏదో అడిగారు. మేనేజర్ లేచి, థర్మామీటర్ తీసుకుని, మొదటిసారిగా చల్లగదిలోకి వెళ్లాడు. వచ్చి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాడు. నాకు తెలిసిన అరబీ తక్కువ. అందులో మెకానిక్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా గొంతు మామూలుగానే ఉందని మాత్రం గ్రహించాను.

మూడో గదిలో తలుపు దగ్గరి వరసలు కొన్ని మెత్తబడ్డాయి. వాటిని వేరుచేసి ఆ పూటే అమ్మేశారు. మిగతాది నిలబడింది. మెకానిక్ ఉద్యోగం కూడా.

తర్వాత అతను నన్ను తన రూముకి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. పప్పు, అన్నం, ఎండుచేప వేపుడు. అన్నం కలపబోతే నా వేళ్లు పట్టు తప్పి మెతుకులు చెదిరాయి. అతను చూసి కూడా చూడనట్టే, చెంచా ఒకటి కడిగి నా కంచం పక్కన పెట్టాడు. తను రెండు ముద్దలు తిన్నాడో లేదో, లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఒక్కసారి మీటరు చూసొస్తా చెల్లె, నువ్వు తిను అంటూ చెప్పులేసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.