రాజక్క కడియం

హోలీ దగ్గరపడితే మా ఆవిడ ఇంట్లో ఉన్న కాస్త వెండినీ వాకిట్లో పోసుకుని చింతపండుతో తోముతుంది. ఆ పులుపు వాసన నా వంకర ముక్కుకు సోకగానే నాకు పండుగ కాదు, కోపం వస్తుంది. ఆ వెండిలో ఒక కడియం ఉంది. ముప్పై ఏళ్లకు పైగా నాదని చెప్పుకు తిరిగాను. నాది కాదు.

ఎనభైల చివరి రోజులు. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కాలనీ మాది. మా నాయనకు అన్న, మా పెద్దబాపు, మిలిటరీ పల్టన్‌లో బాక్సింగ్ నేర్చుకొచ్చి, బాయి పనిలో కుదిరాడు. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు నుంచి పత్తిగింజలు తెప్పించి, గోనెసంచిలో కుక్కి, వేపకొమ్మకు వేలాడదీసి, ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నన్ను మొనగాణ్ని చేద్దామనుకున్నాడు. నేను రెండు గుద్దులు గుద్ది ఆ సంచి నీడలోనే పడుకునేవాణ్ని. ఆయన కూతురు రాజక్క, నాకంటే ఏడాది పెద్దది, పొయ్యి మీద జొన్న గటుక ఉడికేలోపు వచ్చి గింజలు రాలేదాకా గుద్దేది. రాలినవి మా బర్రె తినేది. మా వాడలో బాక్సింగ్ వల్ల బలిసింది ఆ బర్రె ఒక్కటే.

హోలీ అంటే మాకు మెడలో దండల్లా వేసుకునే చక్కెర పేర్లు, ఒంటినిండా మోదుగుపూల రంగు, ఇంటింటా పెనం మీద కాలే పోలెల వాసన, మధ్యాహ్నం కాలనీ క్లబ్బు ముందు తాళ్లు కట్టి ఆడే గుద్దులాట. చిన్నవాళ్లు గెలిస్తే చక్కెర పేరు; పెద్దవాళ్ల ఆటలో గెలిస్తే కుడిచేతికి వెండి కడియం. రాజక్క రెండేళ్లు చిన్నవాళ్ల ఆటలో అందరినీ కొట్టి చక్కెర పేర్లు తెచ్చింది, నేను తిన్నాను. ఓడినవాళ్లలో ఒకడికి ఎండ కళ్లల్లో పడిందట, ఒకడికి జ్వరమట, ఇంకొకడు ఆడపిల్ల అని ఊరుకున్నాడట!

మూడో ఏడు ఆమె కడియం ఆటకు దిగింది. ఇద్దరిని పడగొట్టింది. చివరికి మిగిలింది నేను. నాతో తలపడాల్సినవాళ్లు కల్లు ఎక్కువై పడిపోవడం వల్ల అంతదాకా వచ్చాను.

"తమ్మీ, చేతులు మొఖానికి అడ్డం వెట్టుకో" అంది రాజక్క. పెట్టుకున్నాను. ఆ చేతుల మధ్యలోంచే వచ్చింది గుద్దు. పది లెక్కపెట్టారు. లెక్క చక్కగా వినిపించింది, లేవడమే కాలేదు.

పెద్దలు గుసగుసలాడుకున్నారు. క్లబ్బు పెద్ద లింగయ్య పెద్దబాపు దగ్గరికి వచ్చాడు. "ఆడపిల్లకు కడియం తొడిగితే రేపు దాన్ని ఎవడు చేసుకుంటడే?"

"గెలిచింది నా బిడ్డ గాదె?"

"నీ తమ్ముని కొడుక్కు ఏస్తం. కడియం మీ ఇంట్లనే ఉంటది గద, ఎందుకు పరేషాన్?"

రాజక్కకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ, రైకగుడ్డ చేతిలో పెట్టారు, పేరంటానికి వచ్చిన ముత్తయిదువకు పెట్టినట్టు. కడియం నా చేతికి తొడిగారు. చప్పట్లు కొట్టారు. నెత్తురు కారుతున్న ముక్కుతో నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే గుద్దుకోవాలనిపిస్తుంది.

రాజక్క రైకగుడ్డను పళ్లతో చీల్చి, రెండు పిడికిళ్లకు చుట్టుకుని, బరి నడుమ నిలబడింది.

"కడియం ఏస్కున్నోడు రావాలె. తొడిగినోళ్లు అచ్చినా సరే!"

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. మరుసటి ఏడు ఆటకు ఆడపిల్లల పేర్లు రాసుకోబోమన్నారు. ఒక్కసారీ ఓడకుండా ఆమె ఆట అయిపోయింది.

మొన్న ఆసిఫాబాద్‌లో ఆమె ఇంటికి కడియం తీసుకుపోయాను. "నీది నువ్వు తీస్కో అక్కా" అన్నాను.

ఆమె ముట్టుకోలేదు. "తీస్కున్ననాడు కాలనీ అంత జూసింది. ఇచ్చేనాడు గిట్ల ఇంట్ల దాసుకొని ఇస్తవారా? నలుగురి ముంగట చెప్పు."

చెబుతున్నాను. ఆ హోలీకి గెలిచింది రాజక్క. ఓడింది నేను. దొంగతనం చేసింది పెద్దలు, దాన్ని ముప్పై ఏళ్లు మోసింది నేను. మొన్న ఎక్కడో ఆడపిల్లలకు బాక్సింగ్ పతకాలు వస్తే, లింగయ్య కొడుకు మైకు పట్టుకుని మా కాలనీ ఎప్పటినుంచో ఆడపిల్లల ఆటకు అండగా ఉందన్నాడు. వింటుంటే ఒళ్లు మండింది.

క్లబ్బు ఉన్నచోట ఇప్పుడు బాయి తవ్విపోసిన మట్టిగుట్ట. వేపచెట్టు లేదు, గింజల సంచి లేదు, పెద్దబాపు లేడు. ఆమె గెలుపుకు మిగిలిన గుర్తు నా వంకర ముక్కు ఒక్కటే. దాన్ని మాత్రం ఏ పెద్దమనిషీ తీసి ఇంకొకరికి తొడగలేకపోయాడు.