గుమ్మం వైపు చూసిన కాగితపు కోడి

ఎడమచేతి అలవాటున్న పిల్లని మార్చాలా, అలాగే వదిలేయాలా? ఏళ్లు గడిచినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. జెర్సీ సిటీలో మా బిల్డింగ్‌లోనే, కింది అంతస్తులో ఉండే ఆంటీగారి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా పైకి అనలేదు. గడిచిన మంగళవారం ఆవిడ కన్నుమూశారు. ఆ కబురు చెప్పిన ఫోన్ పెట్టేశాక నాకు మొదట తోచింది, ఇక ఎవర్ని అడగను, అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆవిడది గుంటూరు వైపు. ఇక్కడ హాస్పిటల్లో నర్సుగా చేసేవారు. ఏటా నవంబరులో అమెరికావాళ్ల థాంక్స్‌గివింగ్ పండగకి బిల్డింగ్‌లోని తెలుగు పిల్లల్ని పోగేసి భోజనాల బల్ల అలంకరింపజేసేవారు. కొన్న వస్తువంటూ ఉండేది కాదు. సరుకులొచ్చిన గోధుమరంగు కాగితం సంచులు, నాప్‌కిన్లు, టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్టగొట్టాలు. "అన్నం తినే బల్ల మీద అవేంటండీ" అని నేను మొహం చిట్లిస్తే, "అట్టకి లేని మడి నీకెందుకమ్మాయ్" అనేవారు.

మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయికి ఏడేళ్లు. వచ్చే వేసవికి ఇండియా ప్రయాణం. అత్తవారింట అందరి ముందూ ఎడమచెయ్యి కంచంలో పెడితే ఏమంటారో అని నాకు ఇక్కడే దడ. తినేటప్పుడల్లా చెయ్యి మార్పించేదాన్ని. మార్పించే కొద్దీ అది నలుగురిలో తినడమే మానేసింది. ఎవరింటికి వెళ్లినా "ఆకలి లేదమ్మా" అని చేతులు ఒళ్లో దాచుకునేది.

ఆ రోజు కుడిచేతివాళ్లకని చేసిన కత్తెర దాని ఎడమచేతిలో కాగితాన్ని కోయకుండా మడిచేస్తోంది. ఆంటీగారు చూశారు. "కత్తెర అవతల పెట్టు బుజ్జీ, చింపు. చెట్టు ఏమన్నా కత్తెర పట్టుకుని ఆకులు చేస్తుందా?" సంచి చింపితే అంచులు నిజంగానే ఎండుటాకుల్లా వచ్చాయి.

తర్వాత ఆ పండగకి వండే టర్కీ కోళ్ల బొమ్మలు. చెయ్యి కాగితం మీద ఆనించి చుట్టూ పెన్సిల్ తిప్పితే బొటనవేలు తల, మిగతా వేళ్లు ఈకలు. అట్టగొట్టం ముక్కల్లో గుచ్చి నిలబెట్టారు. మిగతా పిల్లలు కుడిచేత్తో గీశారు కాబట్టి అవన్నీ ఎడమచేతి బొమ్మలు. మా అమ్మాయి ఎడమచేత్తో తన కుడిచేతి బొమ్మ గీసింది. వరసగా పెట్టి చూస్తే అన్నీ కిచెన్ వైపు, దాని కోడి ఒక్కటే గుమ్మం వైపు.

"హర్స్ ఈజ్ రాంగ్, ఆంటీ. పారిపోతోంది" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు. మా అమ్మాయి చేతులు బల్ల కిందికి వెళ్లిపోయాయి.

"ఇవన్నీ కూర ఎప్పుడవుతుందా అని చూస్తున్నాయి, నీలాగే. వచ్చేవాళ్లని చూడ్డానికి ఒకళ్లుండొద్దూ?" అన్నారు ఆంటీగారు. మా అమ్మాయి కంచంలో పులిహోర పెట్టి, దాని కోడిని దగ్గరికి జరిపారు.

కాసేపటికి ఎడమచెయ్యి పైకొచ్చింది. నేను లేవబోయాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ముందు తిననీ అమ్మాయ్."

"అయితే మార్చొద్దంటారా?"

"నేనలా అన్నానా? గీసుకోవడం, తినడం దాని ఇష్టం. ఒకరికిచ్చేది మాత్రం కుడిచేత్తో ఇవ్వనీ. చాలు."

"అక్కడ ఎవరైనా అడిగితే?"

"నర్సు చెప్పిందని చెప్పు."

ఆ వేసవి అలాగే చెప్పాను. పిల్ల నలుగురిలో కూర్చుని తింది. ఆ రుణం తీరేది కాదు. కానీ ఎవరికి గ్లాసు అందివ్వాలన్నా దాని చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం చూసినప్పుడల్లా మళ్లీ కిందికి దిగి అదే ప్రశ్న అడిగేదాన్ని. "తింటోందా?" అనేవారు ఆవిడ. తింటోందనేదాన్ని. "అయితే టీ తాగు."

నిన్న ఆవిడ వెళ్లే చర్చి హాల్లో ఆవిడ పేరున భోజనాలు పెట్టారు. మా అమ్మాయికిప్పుడు పదహారు. పొద్దున్నే సంచులు చింపి బల్లల నిండా ఆకులు పరిచింది. చివరికి తను గీసిన కాగితపు కోడిని ఎడమచేత్తో తీసింది, ఆగింది, కుడిచేతిలోకి మార్చుకుని ఆవిడ ఫొటో ముందు పెట్టింది. కోడి గుమ్మం వైపు చూస్తోంది.

ఆ చెయ్యి మార్చుకోవడం ఆవిడ నేర్పిన మర్యాదా, నేను పెట్టిన భయమా, నాకింకా తేలలేదు.